సెర్చ్‌లో వెబ్‌సైట్ స్థానాన్ని మెరుగుపరచడం: ఏ సాధనాన్ని ఎప్పుడు, ఎలా వాడాలి

ఒక పేజీ సెర్చ్ ఫలితాల్లో పైకి రావడం లేదంటే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటై ఉంటుంది. సెర్చ్ ఇంజన్ ఆ పేజీని చేరుకోలేకపోయి ఉండవచ్చు; చేరుకున్నా తన ఇండెక్స్‌లో, అంటే ఫలితాల కోసం దాచుకునే పేజీల జాబితాలో, చేర్చుకోకపోయి ఉండవచ్చు; చేర్చుకున్నా, అదే విషయం మీద ఉన్న వేరే పేజీలే వెతికేవారికి ఎక్కువ ఉపయోగపడతాయని లెక్కగట్టి ఉండవచ్చు. ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్ స్థానాన్ని మెరుగుపరిచే పని) సాధనాలుగా ప్రచారంలో ఉన్నవన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని గురించి సమాచారం ఇచ్చేవే. వాటిలో ఏదీ తనంతట తాను ర్యాంకును పెంచదు. లోపం ఎక్కడుందో చూపడం వరకే వాటి పని, సరిచేయవలసింది మీరే. అందువల్ల సాధనాల పేర్లతో కాక, పైన చెప్పిన మూడు ప్రశ్నల వరుసలోనే పని మొదలుపెట్టాలని నా సలహా. మొదటి ప్రశ్నకు జవాబు తెలియకుండా మూడోదాని మీద నెలల తరబడి శ్రమపడేవారిని చాలామందిని చూశాను. ఆ శ్రమ అంతా వృథా కావడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

మొదట సెర్చ్ కన్సోల్‌ను సిద్ధం చేసుకోండి

మీరు ఒకే ఒక్క సాధనం వాడదలచుకుంటే అది గూగుల్ సెర్చ్ కన్సోల్ కావాలి. 2015 వరకు దీన్ని వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. ఇది పూర్తిగా ఉచితం. మిగిలిన సాధనాలు గూగుల్ ఫలితాలను బయటి నుంచి చూసి అంచనా వేస్తాయి. ఇది మాత్రం గూగుల్ దగ్గర మీ సైట్ గురించి ఉన్న లెక్కలను నేరుగా చూపిస్తుంది.

సైట్‌ను చేర్చేటప్పుడు రెండు పద్ధతులు కనిపిస్తాయి: డొమైన్ ప్రాపర్టీ, యూఆర్ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ. వీలైతే మొదటిదాన్నే ఎంచుకోండి. దానికోసం మీ డొమైన్ డీఎన్‌ఎస్ (సైట్ పేరును సర్వర్‌కు జతపరిచే వ్యవస్థ) సెట్టింగుల్లో గూగుల్ ఇచ్చే ఒక టెక్స్ట్ రికార్డును చేర్చవలసి ఉంటుంది. అది కొంచెం శ్రమే అయినా, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామా, లేని చిరునామా, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, ఉపడొమైన్లు అన్నింటి లెక్కలూ ఒకేచోట కనిపిస్తాయి. డీఎన్‌ఎస్ జోలికి వెళ్లలేనివారు రెండో పద్ధతిలో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలును సైట్‌లో పెట్టి యాజమాన్యాన్ని నిరూపించుకోవచ్చు. ఈ పనిని వాయిదా వేయకండి. సైట్‌ను కన్సోల్‌లో చేర్చిన నాటినుంచే సమాచారం పోగవడం మొదలవుతుంది, గరిష్ఠంగా 16 నెలల సమాచారం మాత్రమే నిలువ ఉంటుంది. ఈరోజు చేర్చకపోతే, వచ్చే ఏడాది ఇదే కాలంతో పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

అదే సమయంలో బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కూడా ఖాతా తెరవండి. సెర్చ్ కన్సోల్‌లో ధ్రువీకరించిన సైట్లను అక్కడికి నేరుగా దిగుమతి చేసుకునే సదుపాయం ఉంది కాబట్టి ఇది కొద్ది నిమిషాల పని. పేజీ మారిన వెంటనే సెర్చ్ ఇంజన్లకు తెలియజేసే ఇండెక్స్‌నౌ అనే పద్ధతిని 2021లో బింగ్, యాండెక్స్ ప్రవేశపెట్టాయి. వార్తల వంటి తరచూ మారే పేజీలున్న సైట్లకు అది ఉపయోగకరం. అయితే గూగుల్ దాన్ని వాడడం లేదని గుర్తుంచుకోండి.

పేజీ అసలు ఇండెక్స్‌లో ఉందో లేదో తేల్చుకోండి

సెర్చ్ కన్సోల్ పైభాగంలో ఉండే పెట్టెలో మీ పేజీ చిరునామాను అతికిస్తే, అది ఇండెక్స్‌లో ఉందా, గూగుల్ తరఫున పేజీలను చదివే ప్రోగ్రామైన గూగుల్‌బాట్ చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఏ చిరునామాను అసలు ప్రతిగా, అంటే కానానికల్‌గా, గూగుల్ ఎంచుకుంది అనే వివరాలు వస్తాయి. దీనినే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. ముందుగా మీ సైట్‌లో ముఖ్యమైన పది పేజీలను ఇలా ఒక్కొక్కటిగా పరిశీలించండి. ఆ తర్వాత పేజెస్ అనే నివేదికను తెరిస్తే, ఇండెక్స్ కాని పేజీలన్నీ కారణాలవారీగా కనిపిస్తాయి.

ఈ కారణాలను చదవడంలోనే నేర్పు ఉంది. ‘కనుగొన్నాము, ఇంకా ఇండెక్స్ చేయలేదు’ అనే అర్థం వచ్చే వర్గంలో పేజీ ఉంటే, దాని చిరునామా గూగుల్‌కు తెలుసు గాని ఇంకా వచ్చి చూడలేదని భావం. కొత్త పేజీలకు ఇది సహజమే. ఎక్కువకాలం అలాగే ఉంటే, ఆ పేజీకి సైట్ లోపలి నుంచి తగినన్ని లింకులు ఉన్నాయో లేదో, సర్వర్ మందకొడిగా ఉందేమో చూడాలి. ‘క్రాల్ చేశాము, ఇంకా ఇండెక్స్ చేయలేదు’ అనేది వేరే సంగతి. గూగుల్ వచ్చి, చదివి, ప్రస్తుతానికి అక్కరలేదని పక్కన పెట్టింది. ఇక్కడ మళ్లీ మళ్లీ ఇండెక్స్ చేయమని కోరడం వల్ల ప్రయోజనం దాదాపుగా ఉండదు. పేజీలో కొత్తగా చెప్పే విషయం ఉందా, మీ సైట్‌లోనే ఉన్న మరో పేజీకి అది నకలులా ఉందా అని ఆలోచించవలసినది ఇప్పుడే.

ఇంతకన్నా చిన్న కారణం ఒకటి పెద్ద నష్టం చేస్తుంది. నేను చూసుకునే ఒక సైట్‌కు కొత్త రూపం ఇచ్చినప్పుడు, పరీక్షా దశలో పెట్టిన నోఇండెక్స్ ట్యాగ్‌ను, అంటే పేజీని ఇండెక్స్‌లో చేర్చవద్దని చెప్పే కోడ్‌ను, తీయడం మరచిపోయాం. కొన్ని వారాలపాటు పేజీలు ఒక్కొక్కటిగా ఫలితాల నుంచి జారిపోతుంటే, మేము వ్యాసాలను తిరగరాస్తూ కూర్చున్నాం. ఇన్‌స్పెక్షన్ పెట్టెలో ఒక్క చిరునామా వేసి చూసి ఉంటే మొదటిరోజే తెలిసేది. అప్పటినుంచి సైట్‌లో ఏ పెద్ద మార్పు జరిగినా నేను మొట్టమొదట చేసేది ఆ పరీక్షే.

రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు విషయంలో ఉన్న ఒక అపోహను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. 1994 నుంచి వాడుకలో ఉన్న ఈ ఫైలు, ఏ పేజీలను క్రాల్ చేయరాదో మాత్రమే చెబుతుంది. ఇండెక్స్ చేయరాదని చెప్పదు. వేరే సైట్ల నుంచి లింకులు ఉంటే, క్రాల్ చేయకుండానే చిరునామాను ఫలితాల్లో చూపించే అవకాశం ఉంది. పేజీ ఫలితాల్లో రాకూడదనుకుంటే నోఇండెక్స్ ట్యాగ్ వాడాలి. ఆ ట్యాగ్‌ను గూగుల్ చదవాలంటే పేజీని క్రాల్ చేయనివ్వాలి. రెండింటినీ ఒకేసారి పెడితే నోఇండెక్స్ గూగుల్ కంటపడనే పడదు.

సైట్‌లోని పేజీల చిరునామాల జాబితా అయిన సైట్‌మ్యాప్‌ను కూడా ఈ దశలోనే సమర్పించండి. ఒక్కో ఫైలులో 50,000 చిరునామాలు, విప్పిన పరిమాణంలో 50 ఎంబీ వరకు అనుమతి ఉంటుంది. ఫలితాల్లో రావాలని మీరు కోరుకునే పేజీలను మాత్రమే అందులో ఉంచండి. దారిమళ్లింపులు (వేరే పేజీకి పంపే చిరునామాలు), తొలగించిన పేజీలు, నోఇండెక్స్ పేజీలు అందులో ఉండకూడదు.

పెర్ఫార్మెన్స్ నివేదికను నిదానంగా చదవండి

ఈ మొత్తం పనిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే. పెర్ఫార్మెన్స్ నివేదికలో నాలుగు అంకెలు ఉంటాయి: మీ పేజీ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో చెప్పే ఇంప్రెషన్లు, ఎన్నిసార్లు దాని మీద నొక్కారో చెప్పే క్లిక్కులు, ఆ రెండింటి నిష్పత్తి అయిన సీటీఆర్, సగటు స్థానం. మొదటిసారి తెరిచినప్పుడు సైట్ మొత్తానికి సంబంధించిన గీత కనిపిస్తుంది. దానిని చూసి సంతోషించడానికో దిగులుపడడానికో తొందరపడకండి, ఎందుకంటే అందులో అన్ని పేజీలూ, అన్ని ప్రశ్నలూ (జనం వెతికిన మాటలు) కలిసిపోయి ఉంటాయి.

ముందు ఈ నివేదికలోనే ఉండే పేజెస్ ట్యాబ్‌లో ఒక పేజీని ఎంచుకోండి. తర్వాత క్వెరీస్ ట్యాబ్‌కు వెళ్తే, ఆ ఒక్క పేజీ ఏయే మాటలకు ఫలితాల్లో కనిపించిందో తెలుస్తుంది. గడచిన మూడు నెలల కాలాన్ని పెట్టుకొని, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, ఇంప్రెషన్లు ఎక్కువగా ఉన్న ప్రశ్నలను వేరు చేయండి. ఈ ప్రశ్నలకు మీ పేజీ తగినదేనని గూగుల్ ఇప్పటికే కొంతవరకు అంగీకరించింది. కాబట్టి స్థానం లేనిచోట కొత్తగా సంపాదించడం కన్నా, ఇక్కడ నాలుగు మెట్లు పైకి రావడం సాధారణంగా సులువు. ఆ ప్రశ్నలను చేతిలో పెట్టుకొని మీ పేజీని మళ్లీ చదవండి. వెతికినవారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పారా, లేక ఆ మాటను ఎక్కడో ఒక వాక్యంలో తగిలించి ఊరుకున్నారా? తరచుగా రెండోదే జరిగి ఉంటుంది. ఆ అంశం మీద ఒక ఉపశీర్షిక పెట్టి, అక్కడే రెండు మూడు పేరాల్లో సంపూర్ణంగా వివరించడం మంచి మార్గం.

స్థానం మొదటి మూడు నాలుగింటిలో ఉండి కూడా క్లిక్కులు తక్కువగా ఉంటే లోపం పేజీ శీర్షికలోనో వివరణలోనో ఉండవచ్చు. ఆ ప్రశ్నను మీరే వెతికి, మీ శీర్షికను చుట్టూ ఉన్నవాటితో పోల్చండి. మీరు రాసిన శీర్షికనే గూగుల్ చూపిస్తుందన్న హామీ లేదు. అది మరీ పొడవుగా ఉన్నా, పేజీలోని విషయానికి సరిపోకపోయినా తానే మార్చి చూపిస్తుంది. శీర్షిక బాగానే ఉన్నా క్లిక్కులు తగ్గుతుంటే, జవాబు ఫలితాల పేజీలోనే, కృత్రిమ మేధ ఇచ్చే సారాంశంగానో పైన ఉంచిన పెట్టెగానో, దొరికిపోతూ ఉండవచ్చు. ఆ పరిస్థితిలో ఒక్క వాక్యంలో చెప్పలేని లోతైన విషయం ఉన్న పేజీలమీద శ్రమపెట్టడం మేలు.

ఒకే ప్రశ్నను ఎంచుకొని పేజెస్ ట్యాబ్‌కు వెళ్లి చూడడం కూడా అలవాటు చేసుకోండి. ఒకే ప్రశ్నకు మీ సైట్‌లోని రెండు మూడు పేజీలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తూ, ఏదీ పైకి రాకపోతే అవి ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయేమో ఆలోచించాలి. రెండింటి విషయాన్ని మంచి పేజీలోకి చేర్చి, రెండోదాన్ని 301 (శాశ్వత) దారిమళ్లింపుతో దానికి కలపడం నేను ఎక్కువగా వాడే పరిష్కారం.

రెండు జాగ్రత్తలు అవసరం. అతి తక్కువమంది వెతికే ప్రశ్నలను వ్యక్తుల గోప్యత కోసం గూగుల్ జాబితాలో చూపించదు. అందుకే ప్రశ్నలవారీ క్లిక్కుల మొత్తం, పైన ఉన్న మొత్తానికి సరిపోదు. అది పొరపాటు కాదు. అలాగే సగటు స్థానం పడిపోవడం ఎప్పుడూ చెడ్డ వార్త కాదు. మీ పేజీ కొత్తగా ఎన్నో ప్రశ్నలకు 40వ, 50వ స్థానాల్లో కనిపించడం మొదలుపెడితే, క్లిక్కులు పెరుగుతున్నా సగటు మాత్రం దిగజారినట్లు చూపిస్తుంది.

కొత్త అంశాలను ఎంచుకునేటప్పుడు

జనం ఏ మాటలతో వెతుకుతారో తెలుసుకోవడానికి మొదటి సాధనం సెర్చ్ పెట్టే. మీ అంశం టైప్ చేయడం మొదలుపెట్టగానే కింద వచ్చే సూచనలు, ఫలితాల మధ్య కనిపించే సంబంధిత ప్రశ్నలు నిజంగా జనం వెతికిన మాటల నుంచే వస్తాయి. ఆంగ్లేతర భాషల్లో రాసేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒకే మాటను కొందరు సొంత లిపిలో, కొందరు రోమన్ లిపిలో, మరికొందరు ఆంగ్ల పదంతో వెతుకుతారు. మూడింటి ఫలితాలనూ విడివిడిగా చూడండి.

గూగుల్ ట్రెండ్స్ ఇచ్చే 0 నుంచి 100 వరకు ఉండే అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రదేశంలో అత్యధిక ఆసక్తిని 100గా తీసుకొని మిగిలినవాటిని దానితో పోల్చి చూపిస్తాయి. ఒక అంశం ఏ నెలల్లో పుంజుకుంటుందో తెలుసుకొని, అంతకు ముందుగానే పేజీని సిద్ధం చేయడానికి ఇది బాగా పనికివస్తుంది. వెతుకులాటల సంఖ్య కావాలంటే గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ ఉంది. ప్రకటనలకు ఖర్చు పెట్టనివారికి అది కచ్చితమైన సంఖ్య బదులు ఒక విస్తృత శ్రేణినే చూపిస్తుంది. అందులో కాంపిటిషన్ అనే గడి ప్రకటనదారుల మధ్య పోటీని సూచిస్తుందే తప్ప, సహజ ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో చెప్పదు. ఈ గడిని తప్పుగా చదివి మంచి అంశాలను వదులుకున్నవారు చాలామంది ఉన్నారు.

సంఖ్యలు చూశాక, రాయడానికి ముందు ఆ మాటను వెతికి మొదటి పది ఫలితాలను తప్పకుండా చదవండి. అక్కడ అన్నీ అమ్మకపు పేజీలే ఉంటే, మీ వివరణాత్మక వ్యాసం ఎంత బాగున్నా దానికి అక్కడ చోటు దొరకడం కష్టం.

సైట్ మొత్తాన్ని క్రాలర్‌తో పరిశీలించండి

పేజీలు పదుల సంఖ్య దాటితే చేతితో చూడడం సాధ్యం కాదు. స్క్రీమింగ్ ఫ్రాగ్ ఎస్‌ఈఓ స్పైడర్ అనే ప్రోగ్రామును మీ కంప్యూటర్‌లో పెట్టుకుంటే, అది గూగుల్‌బాట్ మాదిరిగా ఒక లింకు నుంచి మరో లింకుకు వెళ్తూ సైట్‌ను చదువుతుంది. ఉచిత రూపంలో 500 చిరునామాల వరకు చదవగలదు. చిన్న సైట్‌కు అది చాలు. వచ్చిన పట్టికలో ముందు 404 (పేజీ దొరకలేదు) వచ్చే లింకులను, తర్వాత ఒకదాని నుంచి మరొకదానికి, అక్కడి నుంచి ఇంకొకదానికి సాగే దారిమళ్లింపు గొలుసులను సరిచేయండి. ఆపైన ఒకే శీర్షిక ఉన్న పేజీలను, శీర్షికే లేని పేజీలను చూడండి. పేజీ కోడ్‌లో కీలకపదాలు రాసే మెటా కీవర్డ్స్ గడి ఖాళీగా ఉందని ఏ సాధనమైనా హెచ్చరిస్తే పట్టించుకోకండి. ర్యాంకింగ్‌కు దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

ఆ పట్టికలో క్రాల్ డెప్త్ అనే గడి నాకు ముఖ్యమైనది. ముఖపుట నుంచి ఎన్ని క్లిక్కుల దూరంలో పేజీ ఉందో అది చెబుతుంది. మీకు ముఖ్యమైన పేజీ ఐదారు క్లిక్కుల దూరంలో ఉంటే, సంబంధం ఉన్న ఇతర పేజీల నుంచి దానికి లింకులు ఇవ్వండి. లింకు మీద ఉండే మాట ఆ పేజీ దేని గురించో చెప్పాలి, ‘ఇక్కడ నొక్కండి’ అన్నది ఏమీ చెప్పదు. ఏ లింకూ లేని అనాథ పేజీలను క్రాలర్ తనంతట తాను కనుగొనలేదు కాబట్టి, సైట్‌మ్యాప్‌లోని జాబితాను క్రాల్ జాబితాతో పోల్చి వాటిని పట్టుకోవాలి.

వర్డ్‌ప్రెస్ వాడేవారికి యోస్ట్, ర్యాంక్ మ్యాత్ వంటి ప్లగిన్లు శీర్షికలు, సైట్‌మ్యాప్, కానానికల్ ట్యాగులను చక్కగా నిర్వహిస్తాయి. రెండింటిలో ఒకదాన్నే పెట్టుకోండి. అవి చూపించే ఆకుపచ్చ గుర్తు ఆ ప్లగిన్ సొంత నియమాలకు మీ పేజీ సరిపోయిందని మాత్రమే చెబుతుంది. ఆ గుర్తు కోసం ఒకే మాటను వాక్యం తర్వాత వాక్యంలో ఇరికించి, చక్కని రచనను పాడుచేసుకోవద్దు.

వేగాన్ని కొలవండి, అంకె వెంట పరుగెత్తకండి

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చిరునామా వేస్తే రెండు రకాల ఫలితాలు వస్తాయి. పైన ఉండేవి, తగినంత మంది సందర్శకులు ఉన్న సైట్లకు, గడచిన 28 రోజుల్లో నిజమైన క్రోమ్ వినియోగదారుల అనుభవం నుంచి తీసిన కొలతలు. కింద ఉండే 100కు ఇన్ని అనే మార్కు, లైట్‌హౌస్ అనే పరీక్ష ఆ క్షణంలో కృత్రిమ పరిస్థితుల్లో లెక్కగట్టినది. చాలామంది ఆ మార్కునే చూస్తారు. పైన ఉన్నవే ముఖ్యం.

వాటిలో మూడు కొలతలు కోర్ వెబ్ వైటల్స్. పేజీలో అతిపెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం, ఎల్‌సీపీ, 2.5 సెకన్లకు మించకూడదు. నొక్కినప్పుడు పేజీ స్పందించే సమయం, ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. పాత కొలత ఎఫ్‌ఐడీ స్థానంలో ఇది 2024 మార్చిలో వచ్చింది. చదువుతుండగా పేజీ అటూ ఇటూ కదిలిపోవడాన్ని కొలిచే సీఎల్‌ఎస్ 0.1 దాటకూడదు. సందర్శనల్లో కనీసం 75 శాతం ఈ పరిమితులకు లోబడి ఉంటే పేజీ బాగున్నట్లు లెక్క. ఎల్‌సీపీ ఎక్కువగా ఉంటే ముందు పెద్ద చిత్రాల పరిమాణాన్ని తగ్గించండి. సీఎల్‌ఎస్ చెడితే చిత్రాలకు, ప్రకటనలకు వెడల్పు, ఎత్తు ముందే కేటాయించండి. మొబైల్ ట్యాబ్‌నే చూడండి, ఎందుకంటే గూగుల్ ఇండెక్స్ చేసేది పేజీ మొబైల్ రూపాన్నే. పరిమితుల్లోకి వచ్చాక అక్కడితో ఆపి, ఆ సమయాన్ని విషయం మీద పెట్టండి. లైట్‌హౌస్ మార్కు 90ని 100 చేయడానికి రోజులు వెచ్చించినందువల్ల ర్యాంకులో మార్పు రావడం నేను చూడలేదు.

స్ట్రక్చర్డ్ డేటా, అంటే పేజీలోని విషయాన్ని సెర్చ్ ఇంజన్‌కు వివరించే కోడ్, పెట్టుకున్నవారు రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో దాన్ని పరీక్షించుకోవాలి. పాత సలహాలను చూసి తరచూ అడిగే ప్రశ్నల (ఎఫ్‌ఏక్యూ) మార్కప్ కోసం శ్రమపడకండి. 2023 ఆగస్టులో గూగుల్ దాన్ని దాదాపుగా ప్రభుత్వ, ఆరోగ్య రంగాల ప్రామాణిక సైట్లకే పరిమితం చేస్తున్నట్లు ప్రకటించింది.

బ్యాక్‌లింకులు, డబ్బు చెల్లించే సాధనాలు

మీ సైట్‌కు బయటి సైట్లు ఇచ్చే లింకులే బ్యాక్‌లింకులు. వాటిని ఎవరు ఇచ్చారో సెర్చ్ కన్సోల్‌లోని లింక్స్ నివేదికలో కొంతవరకు కనిపిస్తుంది. మరింత వివరం కావాలంటే అహ్రెఫ్స్ వెబ్‌మాస్టర్ టూల్స్ ఉంది. మీరు యాజమాన్యం నిరూపించుకున్న సైట్లకు అది ఉచితం. అందులో ముందుగా వెతకవలసినది, బయటివారు లింకు ఇచ్చిన మీ పేజీల్లో ఇప్పుడు 404 వస్తున్నవి. అలాంటి పాత చిరునామాను సరైన కొత్త పేజీకి మళ్లిస్తే, పోగొట్టుకున్న లింకు విలువ తిరిగి అందుతుంది.

డొమైన్ అథారిటీ అనేది మోజ్ సంస్థ, డొమైన్ రేటింగ్ అనేది అహ్రెఫ్స్ సంస్థ లెక్కగట్టే అంకెలు. గూగుల్ వాటిని వాడదు. రెండు సైట్లను పోల్చి చూడడానికి పనికివస్తాయి గాని, వాటిని పెంచడమే లక్ష్యంగా లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రమాదకరం కూడా. సాధనాలు కొన్ని లింకులను విషపూరితం అని ఎర్రగా చూపించినంత మాత్రాన వాటిని గూగుల్‌కు చెప్పి తిరస్కరించవలసిన అవసరం లేదు. అలా తిరస్కరించే డిస్‌అవో సాధనం, కృత్రిమ లింకుల వల్ల మీకు మాన్యువల్ చర్య (గూగుల్ సిబ్బంది విధించే శిక్ష) వచ్చినప్పుడు లేదా వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు వాడేందుకు ఉద్దేశించినది.

సెమ్‌రష్, అహ్రెఫ్స్ వంటివాటికి నెలవారీ రుసుము చెల్లించడం, పోటీ సైట్లు ఏ ప్రశ్నలకు కనిపిస్తున్నాయో తెలుసుకోవలసిన అవసరం నిజంగా వచ్చినప్పుడే అర్థవంతం. అవి చూపించే సందర్శకుల సంఖ్యలు అంచనాలు. మీ సొంత సైట్‌కు అవి చెప్పే అంకెను సెర్చ్ కన్సోల్‌తో ఒకసారి పోల్చి చూస్తే, ఇతరుల అంకెలను ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

మార్పులను రాసి పెట్టుకోండి

ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, పేజీ, చేసిన మార్పు, ఆనాటి క్లిక్కులు, సగటు స్థానం అనే గడులు పెట్టుకోండి. ఒక పేజీలో ఒకేసారి శీర్షిక, విషయం, చిరునామా మూడూ మార్చితే, ఫలితం దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. మార్పు చేశాక గూగుల్ మళ్లీ వచ్చి చదివిందో లేదో ఇన్‌స్పెక్షన్‌లో చూసుకొని, ఆ తేదీ నుంచి కనీసం నాలుగు వారాలు ఆగి అంతకు ముందటి నాలుగు వారాలతో పోల్చండి. పండుగలు, సెలవులు, పరీక్షల కాలాలు లెక్కలను తారుమారు చేసే అంశమైతే, గత ఏడాది ఇదే కాలంతో పోల్చండి. ఎన్నో పేజీలు ఒకేరోజు పడిపోతే, దేన్నీ ముట్టుకోకముందు గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డును తెరవండి. ర్యాంకింగ్ మార్పులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో అక్కడ తేదీలతో ఉంటుంది. అలాంటి మార్పు జరుగుతుంటే, అది ముగిసి కనీసం ఒక వారం గడిచేదాకా ఆగి, ఆ తర్వాతే ఏ పేజీలు ఏ ప్రశ్నలకు వెనకబడ్డాయో పెర్ఫార్మెన్స్ నివేదికలో పరిశీలించడం మొదలుపెట్టండి.